హైడ్రోజన్ గడి ఎక్కడ గీయాలి? ఒక గోడపట్టిక కేస్ స్టడీ

చేయాల్సిన పని ఇది: హైస్కూలు లాబ్ గోడకు తగిలించే తెలుగు ఆవర్తన పట్టిక. 18 నిలువు వరుసలు (గ్రూపులు), 7 అడ్డు వరుసలు (పీరియడ్లు), కింద విడిగా లాంథనైడ్లు, ఆక్టినైడ్లు, మొత్తం 118 గడులు. మూడో గ్రూపులో లాంథనం ఉండాలా లుటీషియం ఉండాలా అన్న పేచీ ఒకటుంది గానీ అది స్కూలు గోడ దాకా రాదు. పెన్సిలు ఆగిపోయేది మొట్టమొదటి గడి దగ్గరే.

పరీక్షలో ఈ చిక్కు లేదు. "ఆవర్తన పట్టికలో హైడ్రోజన్ స్థానం వివాదాస్పదం, ఎందుకు?" అంటే క్షార లోహాలతో (లిథియం, సోడియం లాంటివి) మూడు పోలికలు, హాలోజన్లతో (ఫ్లోరిన్, క్లోరిన్ లాంటివి) మూడు పోలికలు రాసి, అందుకే దాని స్థానం తేలలేదని ముగిస్తే మార్కులు పడతాయి. హైడ్రోజన్‌ను గోడమీద పిల్లిలా వదిలేసినా పేపరు దిద్దేవాళ్లు ఏమీ అనరు. పట్టిక గీసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. గడి ఎక్కడో ఒకచోట పడాలి. దానికి ఏ రంగు వేశారో, పైన ఏ శీర్షిక పెట్టారో, పిల్లలకు అదే గుర్తుండిపోతుంది.

బరిలో ఉన్న చోట్లు నాలుగు. లిథియం పైన, అంటే 1వ గ్రూపు. ఫ్లోరిన్ పైన, 17వ గ్రూపు. కార్బన్ పైన, 14వ గ్రూపు. ఏ గ్రూపుకూ అంటకుండా పట్టిక పైభాగంలో విడిగా. ఐదోది కూడా ఉంది: 1లోనూ 17లోనూ రెండుచోట్లా వేయడం. కొన్ని చార్టుల్లో కనిపిస్తుంది. దీన్ని ముందే కొట్టేయొచ్చు. 1913లో మోస్లే ఎక్స్-కిరణాల కొలతలతో చూపించిన దగ్గరనుంచి పట్టిక నిలబడింది పరమాణు సంఖ్య మీద. ఒక సంఖ్యకు ఒక గడి. 118 మూలకాలకు 119 గడులు గీస్తే పిల్లవాడు లెక్కపెట్టి అడిగే ప్రశ్నకు జవాబుండదు.

మిగిలిన నాలుగింటినీ తేల్చడానికి ఒకటే పద్ధతి వాడాం. "పోలిక ఉంది" అన్న ప్రతి మాటనూ అంకెగా మార్చడం. గ్రూపులో కింది మూలకం నుంచి పైకి ఎక్కుతూ రావడం. తర్వాతి మెట్టుమీద హైడ్రోజన్ సహజంగా కూర్చుంటోందా, లేక మెట్లు విరిగిపోతున్నాయా చూడటం.

అయనీకరణ శక్తి

పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను పీకేయడానికి అయ్యే ఖర్చు ఇది. అన్నీ మోల్‌కు కిలోజౌళ్లలో, కింది నుంచి పైకి.

1వ గ్రూపు: సీజియం 376, రుబీడియం 403, పొటాషియం 419, సోడియం 496, లిథియం 520. ఆ పైన హైడ్రోజన్ 1312.

17వ గ్రూపు: అయోడిన్ 1008, బ్రోమిన్ 1140, క్లోరిన్ 1251, ఫ్లోరిన్ 1681. ఆ పైన హైడ్రోజన్ 1312.

14వ గ్రూపు: తగరం 709, జెర్మేనియం 762, సిలికాన్ 787, కార్బన్ 1086. ఆ పైన హైడ్రోజన్ 1312.

ఒకటో గ్రూపులో సీజియం నుంచి లిథియం దాకా నాలుగు మెట్లకు కలిపి పెరిగింది 144. ఐదో మెట్టు ఒక్కటే 792. దాన్ని మెట్టు అనలేం, మేడ అనాలి. పదిహేడో గ్రూపులో పైకి పోతున్న వరుస హైడ్రోజన్ దగ్గర వెనక్కి తిరిగింది. నున్నగా సాగింది పద్నాలుగో గ్రూపు ఒక్కటే. కార్బన్ పైన పెట్టాలనేవాళ్లకు ఉన్న గట్టి ఆధారాల్లో ఇదొకటి.

"హైడ్రోజన్ కూడా సోడియంలాగే ఒక ఎలక్ట్రాన్‌ను వదిలి ధనాయాన్ ఇస్తుంది" అని రాసేటప్పుడు చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. సోడియం లోహం నుంచి వాయుస్థితిలో సోడియం అయాన్ చేయడానికి అయ్యే ఖర్చు 107 (విడి పరమాణువులు చేయడానికి) + 496 = 603. హైడ్రోజన్ అణువును సగానికి విడగొట్టి ప్రోటాన్ చేయడానికి 218 + 1312 = 1530. ఇంత అప్పును ఏ స్ఫటిక జాలకమూ తీర్చలేదు. అందుకే ఒంటరి ప్రోటాన్లు పేర్చి కట్టిన ఉప్పు అంటూ లేదు. హైడ్రోజన్ క్లోరైడ్‌ను సోడియం క్లోరైడ్ పక్కన రాసి "ఒకే ఫార్ములా, కాబట్టి పోలిక" అంటారు. ఒకటి మైనస్ 85 డిగ్రీల దగ్గర మరిగే వాయువు, ఇంకొకటి 801 డిగ్రీల దగ్గర కరిగే ఉప్పు. నీటిలో వేస్తే హైడ్రోజన్ క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది నిజమే. కానీ అక్కడ ప్రోటాన్‌ను మోస్తున్నది నీటి అణువు. ఆర్ద్రీకరణ (నీటి అణువులు అయాన్‌ను చుట్టుకోవడం) వల్ల విడుదలయ్యే శక్తి ప్రోటాన్‌కు దాదాపు 1091, సోడియం అయాన్‌కు 406. పోలిక ఫార్ములాలో ఉంది, పదార్థంలో లేదు.

ఎలక్ట్రాన్ అఫినిటీ: అనుకున్నదానికి ఎదురు జవాబు

ఎలక్ట్రాన్ అఫినిటీ అంటే పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ చేరినప్పుడు విడుదలయ్యే శక్తి. హాలోజన్ల పక్షం వాదన తెలిసిందే. హైడ్రోజన్‌కు దాని తర్వాతి ఉత్కృష్ట వాయువు విన్యాసానికి ఒక్క ఎలక్ట్రాన్ తక్కువ. ఫ్లోరిన్‌కు కూడా అంతే. రెండూ ద్విపరమాణుక అణువులు. రెండూ ఋణాయాన్లు ఇస్తాయి. మరి అంకెలు?

17వ గ్రూపు: అయోడిన్ 295, బ్రోమిన్ 325, క్లోరిన్ 349, ఫ్లోరిన్ 328, ఆ పైన హైడ్రోజన్ 73.

ఇప్పుడు ఎవరూ పెద్దగా వేసి చూడని వరుస. 1వ గ్రూపు: సీజియం 46, రుబీడియం 47, పొటాషియం 48, సోడియం 53, లిథియం 60, హైడ్రోజన్ 73.

ఈ వరుసను బోర్డు మీద రాసి ఒక నిమిషం ఆగడం మంచిది. హాలోజన్ పోలికగా చెప్పే గుణంలోనే, అంటే ఎలక్ట్రాన్‌ను చేర్చుకోవడంలోనే, హైడ్రోజన్ అచ్చంగా క్షార లోహాల వరుసలో పై మెట్టుగా కుదిరింది. పైగా ఋణాయాన్ ఇవ్వడం హాలోజన్ల సొత్తేం కాదు. 1974లో జేమ్స్ డై బృందం మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో సోడియం ఋణాయాన్ ఉన్న స్ఫటికాన్నే తయారు చేసింది. సోడియాన్ని ఎవరూ క్లోరిన్ ఇంటికి మార్చలేదు.

హైడ్రైడ్‌ను (ఎలక్ట్రాన్ చేర్చుకున్న హైడ్రోజన్ అయాన్) క్లోరైడ్‌తో పోల్చడం ఎక్కడ దెబ్బతింటుందో బోర్న్–హేబర్ లెక్క (ఉప్పు ఏర్పడటంలో ప్రతి అడుగుకూ శక్తి జమాఖర్చు) వేస్తే ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. సగం మోల్ హైడ్రోజన్ వాయువును విడగొట్టడానికి 218 పెట్టుబడి, ఎలక్ట్రాన్ చేరితే 73 వెనక్కి. అంటే హైడ్రైడ్ అయాన్ చేతికి వచ్చేసరికి 145 నష్టం. క్లోరిన్‌కు పెట్టుబడి 121, వెనక్కి వచ్చేది 349. 228 లాభం. సోడియం వైపు ఖర్చు 603 రెండింటికీ ఒకటే. జాలకం కట్టినప్పుడు వచ్చే శక్తి కూడా దగ్గర దగ్గరే, హైడ్రైడ్‌కు 805 ప్రాంతం, క్లోరైడ్‌కు 787. చివరికి సోడియం హైడ్రైడ్ ఏర్పడితే మిగిలేది 56, సోడియం క్లోరైడ్‌కు 411. అందుకే సోడియం హైడ్రైడ్ 425 డిగ్రీల ప్రాంతంలో, కరగకముందే, సోడియంగా హైడ్రోజన్‌గా విడిపోతుంది. ఉప్పును అలా విడగొట్టాలంటే కరిగించి కరెంటు పెట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం హాలోజన్ పక్షానికి మార్కులు ఇవ్వాల్సిందే. సోడియం హైడ్రైడ్, సోడియం క్లోరైడ్ రెండిటిదీ ఒకే స్ఫటిక నిర్మాణం. లిథియం హైడ్రైడ్ ఘనం అంచు 4.08 ఆంగ్‌స్ట్రామ్‌లు, లిథియం ఫ్లోరైడ్‌ది 4.03. ఆ జాలకంలో హైడ్రైడ్, ఫ్లోరైడ్ అయాన్లు దాదాపు ఒకే సైజు. చూపుకు ఇంత దగ్గర పోలిక ఇంకోటి లేదు. నీటిలో వేయనంతవరకే.

నీటిలో వేస్తే: కాల్షియం, కాల్షియం హైడ్రైడ్ పక్కపక్కన

క్లాసులో చూపించదగ్గ ప్రయోగం ఇది. చూపించేది టీచరే, పిల్లలు కాదు. కళ్లద్దాలు తప్పనిసరి, దగ్గర్లో మంట ఉండకూడదు. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది.

పక్కగొట్టం ఉన్న 250 మి.లీ. శంకు ఫ్లాస్కులో 50 మి.లీ. నీరు, రెండు చుక్కల ఫినాఫ్తలీన్. చిన్న గాజు సీసాలో 0.100 గ్రాము కాల్షియం ముక్కలు తూచి, సీసాకు దారం కట్టి నీటికి పైన వేలాడేలా లోపలికి దించి, దారం జారకుండా రబ్బరు బిరడా బిగించాలి. పక్కగొట్టం నుంచి ట్యూబు నీటి తొట్టెలో తలకిందులుగా నిలబెట్టిన 200 మి.లీ. కొలసిలిండర్‌లోకి. బిరడా కొంచెం సడలిస్తే సీసా నీళ్లలో పడుతుంది. వెంటనే మళ్లీ బిగించాలి. బుడగలు ఆగాక పది నిమిషాలు చల్లారనిచ్చి, సిలిండర్ లోపలి నీటిమట్టం, తొట్టె నీటిమట్టం సమానం చేసి చదవాలి. తర్వాత కొత్త నీటితో, 0.100 గ్రాము కాల్షియం హైడ్రైడ్‌తో అదే పని మళ్లీ.

30 డిగ్రీల దగ్గర, సముద్రమట్టంలో, నీటి ఆవిరి పీడనం కూడా కలుపుకుంటే రావాల్సిన లెక్క: కాల్షియానికి 65 మి.లీ., హైడ్రైడ్‌కు 123 మి.లీ. విశాఖలో ఈ అంకెలే చూసుకోవాలి. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పీడనం 95 కిలోపాస్కల్ ప్రాంతం కాబట్టి అక్కడ 69, 132 వస్తాయి. ఇది పట్టించుకోకుండా పుస్తకంలో అంకెతో సరిచూసి "ప్రయోగం తప్పింది" అనుకున్నవాళ్లు ఎందరో.

అదే బరువు. హైడ్రైడ్‌లో కాల్షియం కాస్త తక్కువ కూడా. అయినా వాయువు 1.9 రెట్లు. ఎందుకంటే కాల్షియం కేసులో వచ్చిన హైడ్రోజన్ మొత్తం నీటిది. హైడ్రైడ్ కేసులో సగం నీటిది, సగం హైడ్రైడ్ తనదే. హైడ్రైడ్ అయాన్ నీటి అణువు నుంచి ఒక ప్రోటాన్‌ను లాక్కుని హైడ్రోజన్ అణువై బయటికి పోయింది. మామూలు నీటికి బదులు భారజలం (హైడ్రోజన్ బరువైన ఐసోటోపు డ్యుటీరియం ఉన్న నీరు) వాడితే హైడ్రోజన్ డ్యుటీరైడ్ వస్తుంది. అణువులో ఒక పరమాణువు హైడ్రైడ్‌ది, ఒకటి నీటిది అని దానితో తేలిపోతుంది. మణుగూరు ప్లాంటులో భారజలం తయారుచేసే పద్ధతికి కూడా హైడ్రోజన్ ఐసోటోపులు హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ నీటికీ మధ్య చోటు మార్చుకోవడమే ఆధారం. ఐసోటోపు మారితే ద్రవ్యరాశి రెట్టింపయ్యే స్థిర మూలకం పట్టికలో ఇదొక్కటే. ఈ గుణాన్ని ఏ గ్రూపు జాబితాలోనూ రాసుకోలేం.

రెండు ఫ్లాస్కులూ గులాబీ రంగుకు తిరుగుతాయి, కాల్షియం హైడ్రాక్సైడ్ పూర్తిగా కరగక నీరు పాలలా కాస్త మసకబారుతుంది. మూడో ఫ్లాస్కులో కాల్షియం క్లోరైడ్ వేసి చూపిస్తేనే కథ పూర్తవుతుంది. వాయువు లేదు, గులాబీ లేదు, ఊరికే కరిగిపోతుంది. హాలోజన్ ఋణాయాన్ నీటిలో హాయిగా బతుకుతుంది. హైడ్రైడ్ ఒక్క క్షణం నిలవదు. అంకెల్లో చెప్పాలంటే, హైడ్రోజన్ వాయువు హైడ్రైడ్‌గా మారే ప్రమాణ పొటెన్షియల్ (ఎంత ఋణమైతే ఆ మార్పు అంత కష్టం) మైనస్ 2.25 వోల్టులు, క్లోరిన్ క్లోరైడ్‌గా మారేది ప్లస్ 1.36.

తప్పు జరిగేది ఎక్కువగా తూకం దగ్గర. 0.01 గ్రాము దాకానే చూపే త్రాసుతో 0.10 గ్రాము తూస్తే పది శాతం తేడా రావచ్చు, అంటే హైడ్రైడ్‌లో 12 మి.లీ. మూడు దశాంశాల త్రాసు కావాలి. కాల్షియం ముక్కలమీద తెల్లని పొర ఉంటే అది హైడ్రాక్సైడ్, దాన్ని గీకి తీయకపోతే వాయువు బాగా తగ్గుతుంది. హైడ్రైడ్ సీసా మూత వర్షాకాలంలో ఒకసారి సరిగా బిగించకపోయినా చాలు, పైపొర చచ్చిపోతుంది. 95 శాతం శుద్ధత ఉన్నదానికి 117 దగ్గర వస్తే బాగా వచ్చినట్టే. వేడిమీద చదివితే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ గ్యాసు కనిపించాలని 0.100 గ్రాము దాటి వేయకూడదు. ఒలికిన హైడ్రైడ్‌కు పొడి ఇసుక తప్ప నీరు తగలకూడదు.

జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీల లాబుల్లో సోడియం హైడ్రైడ్ రోజువారీ సరుకు. 60 శాతం, మిగతాది ఖనిజ నూనె. 0.1 మోల్ కావాలంటే 4.0 గ్రాములు తూచాలి, 2.4 కాదు. అక్కడ దాన్ని ఎవరూ హాలైడ్‌లా చూడరు, బలమైన క్షారంలా చూస్తారు. 0.1 మోల్ పూర్తిగా చర్య జరిపితే 30 డిగ్రీల దగ్గర రెండున్నర లీటర్ల హైడ్రోజన్ బయటికొస్తుంది కాబట్టి దానికి దారి ముందే చూసుకుంటారు. డైమిథైల్ ఫార్మమైడ్‌లో వేసి వేడి పెరగనిస్తే అదుపు తప్పుతుందని కూడా వాళ్లకు తెలుసు. హైడ్రైడ్ ఏమిటో బాగా ఎరిగినవాళ్లు దాన్ని పెట్టేది క్షారాల అరలో.

ఆనోడ్ దగ్గర హైడ్రోజన్

స్కూల్లో చేయలేనిది, కానీ చెప్పకుండా వదలకూడనిది. నీటి విద్యుద్విశ్లేషణలో హైడ్రోజన్ కాథోడ్ దగ్గర వస్తుందని పిల్లలకు కంఠతా వచ్చు. కరిగించిన హైడ్రైడ్‌లో అదే హైడ్రోజన్ ఆనోడ్ దగ్గర వస్తుంది. 1920లో మోయర్స్ లిథియం హైడ్రైడ్‌తో, 1922లో బార్డ్‌వెల్ కాల్షియం హైడ్రైడ్‌తో ఇది చూపించారు. లిథియం హైడ్రైడ్ కరిగేది 689 డిగ్రీల దగ్గర. అంత వేడిలో అది కొంత విడిపోతుంది కూడా. అందుకే బార్డ్‌వెల్ కాల్షియం హైడ్రైడ్‌ను లిథియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిపి కరిగించిన ద్రవంలో వేశాడు. ఆ మిశ్రమం 355 డిగ్రీల ప్రాంతంలోనే కరుగుతుంది.

1 ఆంపియర్ అరగంట నడిస్తే 1800 కూలుంబులు. ప్రతి హైడ్రైడ్ అయాన్‌పై ఒక్క ఋణావేశం అనుకుంటే ఆనోడ్ దగ్గర ప్రమాణ స్థితిలో 209 మి.లీ. హైడ్రోజన్ రావాలి. కొలిచిన వాయువు ఫారడే లెక్కకు సరిపోతే ఋణ హైడ్రోజన్ అయాన్ ఉన్నట్టే రుజువు. ఇది 17వ గ్రూపు పక్షానికి దొరికిన అందమైన ఆధారం. అయితే ఋణాయాన్ ఉందని చూపిస్తుంది గానీ, ఆ అయాన్ హాలైడ్‌లా నడుచుకుంటుందని చూపించదు.

కార్బన్ పైన, త్రికాలు, ఒత్తిడి

14వ గ్రూపు ప్రతిపాదనను 2003లో మార్షల్ క్రోనిన్ జర్నల్ ఆఫ్ కెమికల్ ఎడ్యుకేషన్‌లో గట్టిగా వాదించాడు. సగం నిండిన బాహ్య కర్పరం రెండింటికీ ఉంది. ఋణవిద్యుదాత్మకత (బంధంలో ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) కార్బన్‌కు 2.55, హైడ్రోజన్‌కు 2.20. లిథియం 0.98, ఫ్లోరిన్ 3.98 తో చూస్తే ఇది పక్కిల్లే. కార్బన్–హైడ్రోజన్ బంధానికి ధ్రువణత లేనట్టే. బావుంది. కానీ గ్రూపు సంఖ్యలోంచి పది తీసేస్తే 14కు నాలుగు వేలన్సీ ఎలక్ట్రాన్లు అని పిల్లలకు నేర్పేది ఇదే పట్టికతో. అక్కడ ఒక్క ఎలక్ట్రాన్ ఉన్నదాన్ని పెడితే ఆ సూత్రం మొదటి అడుగులోనే తప్పుతుంది. కార్బన్ నాలుగు చేతులతో గొలుసులు కడుతుంది, హైడ్రోజన్ గొలుసు చివర మూత వేస్తుంది.

పట్టిక పైన మధ్యలో విడిగా పెట్టాలని కేజ్, ఆట్కిన్స్ అదే ఏడాది ప్రతిపాదించారు. మరుసటి ఏడాది ఎరిక్ స్కెరి అడ్డుచెప్పాడు: ప్రతి మూలకమూ ఆవర్తన నియమానికి లోబడాలి, ఒకదాన్ని మాత్రం బయట నిలబెట్టడం కుదరదని. ఆ మాట సబబే. అయితే హైడ్రోజన్‌ను ఫ్లోరిన్ పైకి తీసుకెళ్లడానికి ఆయన వాడే త్రికాల వాదన (మూడు మూలకాల్లో మధ్యదాని పరమాణు సంఖ్య మిగతా రెంటి సగటు కావాలనేది) జాగ్రత్తగా చూడాలి. హైడ్రోజన్ 1, ఫ్లోరిన్ 9, క్లోరిన్ 17: మధ్యది సరిగ్గా సగటు. హైడ్రోజన్ 1, లిథియం 3, సోడియం 11: సగటు 6, కుదరలేదు. డాబరీనర్ త్రికాలు చదివినవాళ్లకు ఇది ముచ్చటగా ఉంటుంది. కానీ ఫ్లోరిన్ 9, క్లోరిన్ 17, బ్రోమిన్ 35 వేసి చూడండి. సగటు 22 వస్తుంది, 17 రాదు. అంతమాత్రాన క్లోరిన్‌ను హాలోజన్ల నుంచి తీసేస్తామా? పక్కపక్క పీరియడ్ల పొడవు సమానమైనచోట త్రికం కుదురుతుంది, లేనిచోట కుదరదు. అది పీరియడ్ల పొడవు గురించి చెప్పే మాట, రసాయన స్వభావం గురించి కాదు.

హైడ్రోజన్ లోహమేనన్న ఆశ పాతదే. 1860లలో పల్లాడియంలో అది ఇంకిపోవడం చూసి థామస్ గ్రాహం దాన్ని లోహంగా భావించి "హైడ్రోజనియం" అని పేరు పెట్టాడు. 1898లో డ్యూవర్ ద్రవంగా చేస్తే లోహపు మెరుపు కనిపించలేదు, నీళ్లలా పారదర్శకంగా వచ్చింది. తీవ్ర ఒత్తిడిలో లోహమవుతుందని 1935లో విగ్నర్, హంటింగ్టన్ అన్నారు. 1996లో లివర్‌మోర్ లాబ్‌లో 140 గిగాపాస్కల్ ఒత్తిడిలో, వేల డిగ్రీల వేడిలో ఉన్న ద్రవ హైడ్రోజన్ లోహంలా కరెంటును ప్రవహింపజేసింది. గురుగ్రహం కడుపులో ఉన్నదీ ఇలాంటిదే. దీన్ని చూపించి "కాబట్టి ఒకటో గ్రూపే" అంటే ఒప్పుకోనక్కర్లేదు. హాలోజన్ అయిన అయోడిన్ కూడా ఇంతకంటే ఎంతో తక్కువ ఒత్తిడిలోనే లోహమవుతుంది.

అసలు కారణం

ఏ గ్రూపులో పెట్టినా మెట్లు విరగడానికి కారణం ఒకటే. 1ఎస్ ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్లు ముందుగా నిండే చోటు) కింద లోపలి కర్పరం లేదు. లిథియం నుంచి ఒక ఎలక్ట్రాన్ పోతే ఇంకా రెండు ఎలక్ట్రాన్ల గుజ్జు మిగులుతుంది, అయాన్ వ్యాసార్థం 76 పికోమీటర్లు. హైడ్రోజన్ నుంచి పోతే మిగిలేది ఒట్టి కేంద్రకం, 0.84 ఫెమ్టోమీటర్లు, అంటే దాదాపు 90 వేల రెట్లు చిన్నది. అంత చిన్న చోట అంత ఆవేశం ఊరికే ఉండదు, దొరికిన జంట ఎలక్ట్రాన్లలోకి దూరిపోతుంది. ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు దీనికి తలకిందులు: రెండు ఎలక్ట్రాన్లను పట్టుకోవడానికి ఒకే ప్రోటాన్, అందుకే హైడ్రైడ్ పట్టు సడలిన పెద్ద మేఘం. లిథియం దగ్గర మొదలయ్యే పీరియడ్లన్నిటికీ కింద ఒక పీఠం ఉంది. మొదటి పీరియడ్‌కు లేదు.

దీన్ని ఒప్పుకున్నాక మిగిలే ప్రశ్న: అంకెలు ఎటూ పూర్తిగా మొగ్గనప్పుడు దేన్ని పట్టుకోవాలి? ఎలక్ట్రాన్ విన్యాసాన్ని అనగానే ఎదురు దెబ్బ సిద్ధంగా ఉంటుంది. విన్యాసమే రాజైతే 1ఎస్‌లో రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం బెరీలియం పైన, 2వ గ్రూపులో కూర్చోవాలి. 1928లో చార్లెస్ జానే గీసిన మెట్ల పట్టికలో అలాగే కూర్చుంది. మరి హీలియానికి ఒక న్యాయం, హైడ్రోజన్‌కు ఒక న్యాయమా?

మా జవాబు ఇది. ముందు విన్యాసాన్ని బట్టి పెట్టాలి. రసాయన స్వభావం ఒకే దిక్కుకు, సందేహం లేకుండా లాగితేనే అక్కడి నుంచి కదపాలి. హీలియాన్ని లాగుతోంది: 2372 కిలోజౌళ్ల అయనీకరణ శక్తి, చర్యాశీలత లేమి, నిండిన కర్పరం, అన్నీ నియాన్ వైపే. హైడ్రోజన్‌ను మాత్రం అయనీకరణ శక్తి కార్బన్ వైపు, ఎలక్ట్రాన్ అఫినిటీ లిథియం వైపు, జాలకంలో సైజు ఫ్లోరిన్ వైపు లాగుతున్నాయి. మూడు దిక్కులకు లాగినప్పుడు ఉన్నచోటే ఉంచాలి. ఆ చోటు 1వ గ్రూపు.

మెండలీవ్ 1871 పట్టికలో హైడ్రోజన్ మొదటి గ్రూపులో ఉండటానికి ఆధారం ఇది కాదు. ఆయన గ్రూపుల నెత్తిన ఉన్నవి ఆక్సైడ్ల ఫార్ములాలు. రెండు పరమాణువులకు ఒక ఆక్సిజన్ అన్న లెక్కలో నీరు, లిథియం ఆక్సైడ్ ఒకే తీరు. కారణం మారింది, గడి మారలేదు. తెలుగులో ఒకప్పుడు ఉదజని అన్నదీ ఆ నీటి పేరు మీదే.

గీసేటప్పుడు, అచ్చుకు పోయేటప్పుడు

గ్రూపులో ఉండటం వేరు, కుటుంబంలో ఉండటం వేరు. ఐయూపీఏసీ (రసాయన శాస్త్ర అంతర్జాతీయ సంఘం) పట్టికలో హైడ్రోజన్ 1వ గ్రూపు పైనే ఉంటుంది, కానీ క్షార లోహాల జాబితా లిథియంతో మొదలవుతుంది. 2005 నామకరణ సిఫారసుల్లో ప్రధాన గ్రూపు మూలకాల నిర్వచనంలోనూ హైడ్రోజన్‌ను పేరు పెట్టి మినహాయించారు. గోడపట్టిక కూడా ఈ తేడానే కంటికి చూపించాలి.

హైడ్రోజన్ గడికీ లిథియం గడికీ మధ్య సగం గడి ఎత్తు ఖాళీ వదలాలి. దానికోసం మొదటి అడ్డు వరుస మొత్తాన్ని పైకి జరపాలి, లేకపోతే హీలియం కిందికి, హైడ్రోజన్ పైకి ఉండి వరుస వంకరగా కనిపిస్తుంది. "1" అన్న గ్రూపు సంఖ్య హైడ్రోజన్ పైన, "క్షార లోహాలు" అన్న పట్టీ ఆ ఖాళీలో, లిథియం నెత్తిన. హైడ్రోజన్ గడికి అలోహాల రంగు వేయాలి. క్షార లోహాల రంగు గానీ, హాలోజన్లకు వేరే రంగు ఇచ్చి ఉంటే అది గానీ పడకూడదు. లోహాలను అలోహాలను విడదీసే మెట్ల గీత బోరాన్ దగ్గర మొదలవుతుంది. హైడ్రోజన్ దానికి ఎడమ పక్క చిక్కుకుంటుంది కాబట్టి గడి చుట్టూ అదే మందంలో విడిగా ఒక గీత గీయాలి. పరమాణు భారం 1.008 చాలు. నీటి వనరును బట్టి డ్యుటీరియం పాలు మారుతుంది కనుక ఐయూపీఏసీ 1.00784 నుంచి 1.00811 దాకా అని వ్యవధి ఇస్తుంది గానీ, గడిలో అది పట్టదు. ఆక్సీకరణ స్థితులు రాస్తుంటే ప్లస్ 1, మైనస్ 1 రెండూ రాయాలి. చాలా చార్టుల్లో రెండోది ఎగిరిపోతుంది.

ప్రెస్ నుంచి ప్రూఫ్ వచ్చాక మొదట చూడాల్సింది రంగు పట్టీ. డిజైనర్లు నిలువు వరుస మొత్తాన్ని ఒకేసారి ఎంచుకుని రంగు నింపేస్తారు, పట్టీ హైడ్రోజన్ మీదికి ఎక్కేస్తుంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన అన్నట్టు, పైన "క్షార లోహాలు" అని ఉంటుంది, కింద రంగూ రుచీ లేని వాయువు. ఫైలు సరిచేయించి, లామినేషన్‌కు ముందు రెండో ప్రూఫ్‌లో ఆ ఒక్క గడినీ మళ్లీ చూడాలి.